సముద్రం దాటి రాని డాక్టరేటు

రాష్ట్ర విశ్వవిద్యాలయ ఉన్నత విద్యా విభాగం డీన్ గారి సముఖమునకు,

సికాబోన్ దీవి హైస్కూలు తాత్కాలిక ప్రిన్సిపాల్ ఎలూటెరియో దుమలగన్ వ్రాసుకున్న అర్జీ.

విషయం: బడులు నడుపువారికి డాక్టరేటు చదువును భరించగల ఫీజుతో, దీవుల చెంతనే జరిపించుట గురించి.

అయ్యా,

1. తమ విశ్వవిద్యాలయంలో విద్యా పరిపాలనలో డాక్టరేటు చదువుచున్నాను. శనివారం తెల్లారకముందే పడవెక్కి వచ్చి పాఠం విని పోవుచుంటిని. చేపల వేట కాలంలో పిల్లలు బడి ఎందుకు మానుదురన్నది నా పరిశోధన. ఆటుపోట్లను బట్టి బడి వేళలు మార్చితిని. మానేసిన పిల్లలు చాలామంది తిరిగి వచ్చిరి.

2. తుది మౌఖిక పరీక్ష నాడు తుఫాను హెచ్చరిక వచ్చి పడవలు ఆపివేసిరి. ఫోనులో హాజరగుదునని వేడుకొంటిని. స్వయముగా రావలెనని తమ ఆఫీసు జవాబు. చేపల పడవలోనైనా పోదామని సంచి సర్దుకొనగా నా భార్య ఫెలిసా గుమ్మానికి అడ్డం నిలబడింది.

"నువ్వు మునిగిపోతే ఆ డాక్టరు బిరుదు సమాధి మీద చెక్కించుకోనా?"

మరునాడు మొదటి పడవకే వచ్చితిని. కౌంటరులోని అమ్మాయి కాగితం తిప్పి చూసింది.

"నిన్న రావాలి కదా సర్?"

"నిన్న సముద్రం రానివ్వలేదమ్మా."

"కారణాల్లో సముద్రం లేదు సర్. అనారోగ్యం, మరణం, ఆ రెండే ఉన్నాయి."

"అయితే మరణం వేసుకో."

"ధ్రువీకరణ పత్రం జత చేయాలి సర్."

ఆమె నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

3. అందుచేత ఒక టర్ము ఫీజు మొత్తం మళ్ళీ కట్టవలెనట. ఇదివరకటి ఫీజులకు మొదటి ఏట మా పందులను అమ్మితిమి, తరువాత నా మోటారు సైకిలు. ఇక మిగిలింది ఫెలిసా కుట్టుమిషను. దాని మీద చెయ్యి వేయనివ్వదు. ఆమెదే న్యాయం.

4. డాక్టరేటు ఉన్నదని నగరం నుండి ఒకరిని మాకు ప్రిన్సిపాలుగా పంపిరి. మొదటి వారమే అడిగారు:

"క్లాసు మధ్యలో పిల్లలు లేచిపోతున్నారేమిటి?"

"పడవలు ఒడ్డుకొచ్చాయి సర్. వల లాగాలి."

"అనుమతి లేకుండానా?"

క్రిస్మసుకు ముందే బదిలీ చేయించుకొని పోయినారు. తాళాలు మళ్ళీ నా చేతికే వచ్చినవి. జీతం మాత్రం తాత్కాలికునిదే. పట్టా ఉన్నవారు ఇక్కడ ఉండరు, ఇక్కడ ఉండేవారికి పట్టా రాదు. మేమేం చేయాలి, చెప్పండి?

కావున నెలకొకసారైనా ఒక ఆచార్యులను ఇటు పంపి, మిగిలిన పాఠాలు ఫోనులో చెప్పించి, ఫీజు వాయిదాలలో కట్టనిచ్చి, తుఫానును కూడా ఒక కారణముగా ఒప్పుకొని, నా పరీక్ష మళ్ళీ రుసుము లేకుండా జరిపించగలరు. తమరు చిత్తగించి, కాదనేటట్లయినా ఒక ముక్క జవాబు దయచేయించవలెను.

ఇట్లు,
తమ విధేయుడు, నేటికీ తాత్కాలికుడు,
ఎలూటెరియో దుమలగన్

తా.క. సంతకం చేశాక పక్క దీవి ప్రైమరీ బడి పెద్ద, డాక్టరేటులో నా తోటి విద్యార్థి మేడమ్ నెనితా కబయావో వచ్చింది. ఆమెనూ సంతకం పెట్టమన్నాను.

"నాదెందుకు సర్, నేను మానేశాగా! మా అమ్మాయి కాలేజీలో చేరింది. ఇంట్లో ఒక్కరు చదివితే చాల్లెండి" అని నవ్వింది. పడవ ఎక్కేటప్పుడు మాత్రం వెనక్కి తిరిగి చూడలేదు.

డీన్ గారూ, ఆమె నాకంటే బాగా రాస్తుంది. రాయితీ ఒక్కరికే వీలైతే పైన నేను అడిగినవన్నీ కొట్టేసి ఆమె పేరు రాసుకోండి. నేనడిగానని మాత్రం ఆమెతో అనకండి. ఒప్పుకోదు.