ఆకులు జంటగా

మే 6
పేపర్లో నా కాలమ్ వచ్చింది. రోడ్డు వెడల్పు పేరుతో కొండ మీది పైన్ అడవిని నరకబోతున్న వాళ్లని ఉతికి ఆరేశాను. పక్కన నేను తీసిన ఫొటో: ఈ ఎండు కొండల్లో తప్ప పుట్టని పసుపు పువ్వు. అది అక్కడ ఉందని రుజువైతే చట్ట ప్రకారం నరకడం ఆపాలి. పదిహేనున కమిటీ ముందు విచారణ.

మే 7
వదిన ఫోన్. మా ఆయన అక్క, బోటనీ చెప్పి రిటైరైంది. మెచ్చుకుంటుందనుకున్నా. అది అడవి పువ్వు కాదట, ఎవరి తోటలోంచో బయటపడ్డ మొక్కట. అసలుదానికి ఆకులు కాండం మీద ఎదురెదురుగా జంటగా వస్తాయట, నా ఫొటోలో ఒకటి విడిచి ఒకటి ఉన్నాయట. పువ్వుని చూసి మురిసిపోయి ఆకుల్ని వదిలేశావేంటమ్మా అంది.

ఈవిడ జన్మలో ఒక్క ఊరేగింపుకి రాలేదు, ఒక్క సంతకం పెట్టలేదు. ఇప్పుడు నాకు ఆకులు నేర్పుతోంది.

మే 8
ఫొటో పెద్దది చేసి చూశాను. ఒకటి విడిచి ఒకటి.

మే 9
కమిటీలో ఆకులు చూసేంత ఓపిక ఎవరికుంది, వదిలెయ్యమన్నారు అడవి కోసం పోరాడే మా సంఘం వాళ్లు. దాదాపు సరే అనబోయాను. కానీ అవతలి, రోడ్డు వాళ్ల లాయరు చూస్తే? నా ఫొటోతో పాటు అడవీ పోతుంది.

వదినకి ఫోన్ చేశాను. అసలు పువ్వుని వెతకడానికి వస్తానంది. దొరికినా దొరక్కపోయినా నా తప్పు అదే పేజీలో, అదే సైజు అక్షరాల్లో వేయాలట. వాదించాను. నేను ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా మళ్లీ అదే మాట చెప్పింది.

మే 12
కొండ. రోడ్డు పక్కన పసుపంతా తోట మొక్కే. పైకి పోయేకొద్దీ రాలిన పైన్ ఆకుల మీద కాళ్లు జారుతున్నాయి. మోకాళ్ల నొప్పితో వదిన కూర్చుని జరుగుతూ ఎక్కింది; ఎత్తుకోనా అంటే, నీ వ్యాసాలకంటే బరువుంటాను లే అంది. నీడలో ఆకులు కనిపించాయి, జంటగా, కానీ పువ్వుల్లేవు. వానల్లేవు కదా. పువ్వు చూడందే కమిటీకి రిపోర్టు రాయనంది.

రాళ్ల మధ్య ఒక్కటి పూసింది. వదిన బోర్లా పడుకుని లెన్సు పెట్టి చూసింది, చాలాసేపు. తర్వాత లెన్సు నాకిచ్చి, ఊపిరి బిగబట్టు, ఊగిపోతోంది అంది. బిగబట్టాను. నా పోట్లాటలన్నీ ఇలాంటివాటి కోసమే. దాన్ని ఇంత దగ్గరగా చూడటం మాత్రం ఇదే మొదలు. చూపించిన మనిషి మోకాళ్ల మీద దుమ్ము దులిపాను.

మే 13
సవరణ వచ్చింది. అవతలి లాయరు అందరికీ పంపి నవ్వుతున్నాడట. నవ్వనీ.

మే 15
లాయరు లేస్తూనే నా సవరణ ఊపాడు. ఆవిడే ఒప్పుకుంది అన్నాడు. తన తప్పు తనే అచ్చేసుకున్న మనిషి ఈ రోజు అబద్ధం ఎందుకు చెబుతుందని అడిగింది కమిటీ పెద్దావిడ. వదిన రిపోర్టు తీసుకున్నారు. పూర్తి సర్వే అయ్యేదాకా ఒక్క చెట్టు కూడా ముట్టకూడదన్నారు.

మే 16
విత్తనం కట్టేదాకా జనాన్ని అక్కడికి తోలుకెళ్లొద్దని వదిన చెప్పింది. వాదించకుండానే సరే అన్నాను. మా ఆయన వచ్చి నా నుదుటి మీద చెయ్యి పెట్టి చూశాడు.