ఏరియల్ తీగకు మగ్గం ముడి

గద్వాల, 1948, ఆషాఢ శుక్రవారం

పొద్దున్నుంచి ఒకటే ముసురు. రోజంతా ఠాణాలో వైర్‌లెస్ సెట్టు మరమ్మతుతోనే గడిచింది. కబురు పంపే సెట్టులో పెద్ద వాల్వు కాలిపోయింది. ఆపరేటర్ కరీం కావాలనే కాల్చాడని ఠాణా అధికారి అమీన్ సాబ్ అతన్ని గదిలో కూర్చోబెట్టాడు.

కొత్త వాల్వు పెట్టాను. అదీ నిమిషంలోనే ఎర్రబడింది. వెంటనే ఆపి, మిద్దె ఎక్కి ఏరియల్ చూశాను. తీగ మధ్యలో తెగి ఉంది. మగ్గం మీద తెగిన పోగులకు వేసే ముడి వేసి కలిపారు. టంకం లేదు, వానకు చిలుము పట్టింది. తీగలోకి పోవలసిన శక్తి పోక వాల్వునే కాల్చింది. కరీం తప్పేమీ లేదు.

ఠాణాలో మగ్గం ఇంటి మనిషి పహరా జవాను నర్సప్ప ఒక్కడే. అతన్నే అడిగాను.

“గాలికి తెగింది, నేనే ముడేసిన. అయితే ఏంది?” అన్నాడు.

గాలికి తెగితే కొస సాగి సన్నబడుతుంది. ఇది కటింగ్ ప్లేయర్‌తో కత్తిరించినట్టు చదునుగా ఉంది. ఆ మాటే అన్నాను.

“పోయిన నెల నీ ప్లేయర్ ఈడ్నే మర్సిపోతివి గద మిస్త్రీ. అమీన్ సాబ్‌కు జర యాది చేయమంటవా?” అని నవ్వాడు.

ముడి విప్పి టంకం పెట్టాను. సెట్టు బాగైందని మాత్రమే అమీన్ సాబ్‌కు చెప్పాను. తీగ సంగతి చెప్పలేదు. కరీం కిటికీలోంచి నన్నే చూస్తున్నాడు.

నర్సప్ప నాలుగింటికి సెలవు పెట్టి పోయాడు. ఆరింటి రైలుకు ఇద్దరు జవాన్లు కరీంను విచారణకు హైదరాబాదు తీసుకుపోయారు.