ఘటసర్పం కడుపులో

6 మే 2007, ఆదివారం

ఆరాధన అయ్యాక పాస్టరు అయ్యగారు వి.బి.ఎస్. అనే వేసవి బైబిలు బడి సంగతి ప్రకటించారు. రేపటి నుంచి రెండు వారాలు, పొద్దున ఎనిమిది నుంచి పన్నెండు దాకా. వేసవి సెలవుల్లో మా ఏలూరు చర్చి పిల్లలు కాచుక్కూర్చునేది దీనికోసమే. పాటలు, కథలు, ఆటలు, అన్నిటికన్నా ముఖ్యం క్రాఫ్టు. ఆ క్రాఫ్టు పదకొండేళ్ళుగా నాది.

ఈసారి సగమే నాదట. చిన్నపిల్లలు నాకు, ఎనిమిదేళ్ళు దాటినవాళ్ళు పెర్సిస్‌కి. పెర్సిస్ అంటే సంఘపెద్ద ఏసోబు గారి కొత్త కోడలు. తాడేపల్లిగూడెం పిల్ల. హైదరాబాదులో ఏదో ఆర్నెల్ల ట్రైనింగ్ అయిందట. అమ్మా విజయకుమారీ, నీకు కాస్త సాయంగా ఉంటుందని పెట్టామమ్మా అన్నారు క్రీస్తుదాసు అయ్యగారు. నేను సాయం అడిగానా?

వచ్చే యేడు నుంచి మొత్తం క్రాఫ్టు ఎవరు చూడాలో ముగింపు పండగ రోజు చెబుతారట. అంటే పరీక్షే. ముప్పై ఎనిమిదేళ్ళ టీచరుకి పరీక్ష.

ఆ అమ్మాయి వచ్చి నమస్కారమండీ ఆంటీ అంది. ఆంటీనా? నీకంటే పద్నాలుగేళ్ళే పెద్ద నేను.

మా రూబీకి మార్చిలో తొమ్మిది నిండాయి. అదీ ఆమె క్లాసులోకే వెళుతుంది.


7 మే

దూది గొర్రెపిల్ల చేయించాను. ఏటా మొదటిరోజు అదే. రెండో రోజు అగ్గిపెట్టెల ఓడ, మూడో రోజు ఐస్ పుల్లల సిలువ. పిల్లలు మైదాపిండి జిగురు నాకుతూ చక్కగా కూర్చున్నారు.

పక్క హాల్లో మాత్రం ఒకటే గోల. వెళ్ళి తొంగి చూశాను. కోడిగుడ్ల అట్టలు కట్టలు కట్టలుగా తెచ్చింది. గూడెంలో వాళ్ళ నాన్నకి కోళ్ళఫారం ఉందట. డ్రాగన్ చేస్తారట! ఇరవై అడుగుల డ్రాగన్. వెదురు బద్దలు వంచి పక్కటెముకలు, పైన గుడ్ల అట్టలు అతికించి వీపు, వాటికి ఆకుపచ్చ రంగు. తలకాయకి చేపల గంప. కొల్లేరు ఒడ్డున వాళ్ళ మేనమామ ఉంటే బస్సు మీద వేయించి పంపాడట. ముగింపు రోజున పదిమంది పిల్లలు లోపల దూరి చర్చి ఆవరణంతా నడిపిస్తారట.

అట్టకున్న గుంటలు లోపలివైపుకి వస్తాయి కదా. ఒక్కో పిల్లాడు ఒక్కో గుంటలో తనకి దేనికి భయమో రాయాలట. డ్రాగన్ కడుపుకి తప్ప ఎవరికీ తెలియదర్రా, మీ భయాలన్నీ అదే మోస్తుంది అని చెప్పింది. నాకెందుకు రాలేదు ఈ ఆలోచన? పదకొండేళ్ళలో ఒక్కసారి కూడా ఎందుకు రాలేదు?


8 మే

నా క్లాసులో పద్నాలుగు మంది. ఆమె క్లాసులో నలభై ఒక్కరు.


9 మే

ఇవాళ డ్రాగన్ తోక ఆట. పిల్లలంతా ఒకరి నడుం ఒకరు పట్టుకుని వరసగా నిలబడాలి. ముందున్నవాడు తల, వెనకున్నవాడు తోక. తల వచ్చి తోకని పట్టుకోవాలి. ఇదేం ఆటండీ, మన కోడి గద్ద ఆటని కాస్త అటూ ఇటూ చేసి డ్రాగన్ అని పేరు పెట్టింది, అంతే. ఆ మాటే తోటి టీచరు సుగుణతో అన్నాను. సుగుణ నవ్వి, ఏదైతేనేం విజయా, పిల్లలు ఎంత సరదాపడుతున్నారో చూడు అంది. ఇన్నాళ్ళూ సుగుణ నా మనిషే అనుకున్నాను.

రస్నా టైములో నా చంటివాళ్ళు ఇద్దరు గొర్రెపిల్లల్ని బెంచీ మీద వదిలేసి అటు పారిపోయారు. వెనక్కి పిలవలేదు. పిలిస్తే రారేమోనని.


10 మే, సాయంత్రం

రూబీ ఇంట్లో కూర్చుని కాగితం గ్లాసుకి అడుగున చిల్లి పెట్టి, ఎర్ర కాగితం పేలికలు అతికించి, ఊదుతూ నా చుట్టూ తిరిగింది. డ్రాగన్ నిప్పు కక్కుతోందట. పెర్సిస్ ఆంటీ ఇలా చెప్పారమ్మా, పెర్సిస్ ఆంటీ అలా నవ్వుతారమ్మా, పెర్సిస్ ఆంటీ నన్ను డ్రాగన్‌కి తలకాయగా పెడతానన్నారమ్మా. అన్నం తింటున్నంతసేపూ ఇదే భజన. నీ గుంటలో ఏం రాశావే అని అడిగాను. చెప్పకూడదమ్మా అంది. నాక్కూడానా అన్నాను. పప్పు కలుపుకుంది.

మా ఆయన ఎడ్విన్ గారితో చెప్పుకుంటే, కొత్త ఒక వింత, పాత ఒక రోత అన్నారు కదా అని పేపరు తిరగేశారు. ఓదార్పనుకున్నారు పాపం. అంటే నేను రోతనా?

కుళ్ళు అనే మాట పైకి అనను. ఇక్కడ రాసుకుంటే తప్పులేదు. కుళ్ళే.


12 మే, శనివారం

నా చీర!

డ్రాగన్ పక్కలకి, పిల్లల కాళ్ళు కనబడకుండా పాత చీరలు వేలాడదీస్తున్నారు. ఇస్తారా ఆంటీ అని మొన్న ఆ అమ్మాయి అడిగితే లేవమ్మా అన్నాను. ఇవాళ చూద్దును కదా, ఎడమ పక్కంతా నా ఆకుపచ్చ వెంకటగిరి చీర. పెళ్ళైన ఏడాది కొన్నది. కట్టి పదేళ్ళయింది, నిజమే, జరీ నల్లబడిన మాటా నిజమే, అయినా నాది. రూబీ పెట్టెలోంచి తీసుకెళ్ళి ఇచ్చేసింది. నాతో ఒక్క మాట చెప్పలేదు. అక్కడ నిలబడి ఆ కుచ్చిళ్ళు సర్దుతోంది, ఎంత ఆనందంగా! నాతో ఏ పని చేసేటప్పుడూ దాని మొహం అలా వెలగలేదు.

పెర్సిస్ పరిగెత్తుకొచ్చి, మీరే పంపించారటండీ ఆంటీ, మీకు చాలా థాంక్సండీ అంది. అవునమ్మా అన్నాను. ఇంకేం అంటాను?


13 మే, ఆదివారం

ఆరాధనకి ముందు అయ్యగారి గదికి వెళ్ళాను. బైబిలు తెరిచి చూపించాను. డ్రాగన్ అని మనం ముద్దుగా అంటున్నాం గానీ అయ్యగారూ, తెలుగు బైబిల్లో అది ఘటసర్పం కదండీ, ఘటసర్పమంటే సాతానే కదండీ, మన పిల్లలతో సాతానుకి రంగులేయించి మురిసిపోతున్నాం అన్నాను. ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు. ఇంతమంది పెద్దలం ఉండి ఎవరికీ తట్టలేదు చూడమ్మా అన్నారు.

దేవుడి మీద ప్రేమతో చెప్పలేదు. అది దేవుడికి తెలుసు, నాకు తెలుసు, ఇప్పుడు ఈ డైరీకి తెలుసు.

పెద్దలు అక్కడికక్కడే కూర్చున్నారు. పిల్లల కష్టం గనక పారేయడం వద్దు, ముగింపు రోజున దేవదూత వచ్చి కత్తితో ఘటసర్పాన్ని పడదోసినట్టు చూపిద్దాం అని తేల్చారు. అయ్యగారు నా పేరు చెప్పలేదు, ఒక సహోదరి హెచ్చరించిందన్నారు. పెర్సిస్ ఆడవాళ్ళ వరసలో తల వంచుకుని కూర్చుంది. పక్కన వాళ్ళ అత్తగారి మొహం కందగడ్డలా ఉంది.

మధ్యాహ్నం కోడికూర రెండోసారి వడ్డించుకున్నాను.


14 మే

ఆమె క్లాసులో పంతొమ్మిది మంది.


16 మే, బుధవారం

నేను ఇంతదాకా అనుకోలేదు. డ్రాగన్ లోపలికి దూరడానికి ఒక్క పిల్లని కూడా పంపనంటున్నారు తల్లులు. సాతాను కడుపులో మా పిల్లల్ని కూర్చోబెడతారా అని సుగుణ దగ్గరికి నలుగురు వచ్చి గొడవపడ్డారట. ఒకామెకి రాత్రి పీడకల కూడా వచ్చిందట. మాట నాదే, కాళ్ళొచ్చి ఊరంతా తిరుగుతోంది.

రూబీ వచ్చి, అమ్మా, ఎవ్వరూ రావట్లేదు, నేనైనా తలకాయ మోస్తానమ్మా అంది. వద్దన్నాను. ఎలా పంపను? ఘటసర్పం అని చెప్పింది నేనని అయ్యగారికి తెలుసు కదా. అది ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సరేనమ్మా అంది. ఆ సరే వినలేకపోయాను. గుడ్డు కూర వండాను, ముట్టుకోలేదు.


17 మే, సాయంత్రం

పెర్సిస్ మా ఇంటికొచ్చింది. మంచినీళ్ళు కూడా తాగలేదు. మామగారు ఏసోబు గారు, ఇంక చాల్లే అమ్మాయ్, ఈ యేటితో సరి, వచ్చే యేడు ఇంటిపట్టున ఉందువుగాని అన్నారట. పిల్లలతో ఉండడం తప్ప నాకింకేం చేతకాదండీ ఆంటీ అని నా చేతులు పట్టుకుని ఏడ్చింది. నాదే తప్పండీ, ముందు మీలాంటి పెద్దవాళ్ళని అడగాల్సింది, మీరైతే వద్దమ్మా అని అప్పుడే చెప్పేవారు అంది. ఆ హెచ్చరించిన సహోదరి ఎవరో గానీ నా మీద కోపం ఉంచుకోకూడదని ప్రార్థన చెయ్యండి ఆంటీ అంది.

చేశాను. కళ్ళు మూసుకుని, గొంతు సవరించుకుని, ఆ సహోదరి కోసం నేనే ప్రార్థన చేశాను. రూబీ తలుపు దగ్గర నిలబడి చూస్తోంది. ఛీ, నా బతుకు.


19 మే, శనివారం

రిహార్సల్. దేవదూత వేషానికి ఇరవై మంది పోటీ. డ్రాగన్‌కి ఒక్కరూ లేరు. టీచర్లమే దూరాలన్నారు అయ్యగారు. సుగుణ, ఇంకో ముగ్గురు మధ్యలోకి, పెర్సిస్ తోకకి. తలకాయ బరువు, పైగా నీచు వాసన, ఎవరూ ముందుకి రాలేదు. నేను మోస్తానండీ అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. జాలా? సిగ్గా? డ్రాగన్‌లోనైనా నేనే ముందుండాలనా? అదీ ఉండొచ్చు.


20 మే, ఆదివారం, సాయంత్రం ఏడు

అయిపోయింది.

గంప నెత్తిన పెట్టుకోగానే కొల్లేటి చేపల వాసన గుప్పుమంది. ఎంత కడిగినా పోలేదు. బయట జనం, మైకులో అయ్యగారు, డప్పులు. లోపల మాత్రం అంతా పచ్చగా ఉంది. నా చీరలోంచి ఎండ అలా వస్తోంది. తల ఎత్తితే గుడ్ల అట్టల గుంటలు, వాటిలో స్కెచ్ పెన్నుతో పిల్లల రాతలు.

చీకటి. లెక్కల మాస్టారు. పాములు. కరెంటు పోయినప్పుడు మెట్లు. నాన్న తాగొచ్చిన రోజు. ఈ రాత ఎవరిదో గుర్తుపట్టాను. వాడు మూడేళ్ళు నా క్లాసులోనే ఉన్నాడు. మూడేళ్ళూ వాడితో సిలువలు అతికించాను. ఒక్క మాట అడగలేదు.

నడుస్తూ చదువుతున్నాను. సరిగ్గా నా నుదుటికి ఎదురుగా, మొదటి వరసలో, రూబీ గుండ్రటి అక్షరాలు. తలకాయ మోయాల్సింది తనే కదా, తన కళ్ళకి అందేట్టు రాసుకుంది.

నాకు పెర్సిస్ ఆంటీ అంటే ఇష్టమని అమ్మకి తెలుస్తుందేమోనని భయం.

ఆగిపోయాను. వెనకున్న సుగుణ వచ్చి నాకు గుద్దుకుంది. దేవదూత థర్మోకోల్ కత్తితో గంప మీద కొడుతున్నాడు. పడిపోవాలి, నాకు గుర్తుంది, కానీ మోకాళ్ళు వంగలేదు. మూడు దెబ్బలకి పడాల్సిన ఘటసర్పం పది దెబ్బలు తిని కూడా నిలబడే ఉంది. జనం ఒకటే నవ్వు. ఆఖరికి తోక వైపు నుంచి పెర్సిస్, ఆంటీ, కూర్చోండి, కళ్ళు తిరుగుతున్నాయా అని అరిస్తే అప్పుడు పడ్డాను. చప్పట్లు మోగిపోయాయి.

తర్వాత అయ్యగారు మైకులో చెప్పారు. పదకొండేళ్ళ సేవ చేసి కూడా ఎవరూ ఒప్పుకోని వేషానికి తలవంచిన సహోదరి విజయకుమారి తగ్గింపు మనసు చూడండి, వచ్చే యేడు నుంచి క్రాఫ్టు మొత్తం ఆమెదే అని. పూలదండ వేశారు. అందరికన్నా గట్టిగా పెర్సిస్ చప్పట్లు కొట్టింది. రూబీ కూడా కొట్టింది, నా మొహం చూసి కొట్టింది. నేను మైకు పుచ్చుకుని వందనాలండీ అన్నాను. అంతే అన్నాను.

గెలిచాను. దండ మేకుకి తగిలించాను. ఒళ్ళంతా నీచు వాసన, రెండుసార్లు స్నానం చేసినా పోలేదు.


21 మే

పొద్దున అయ్యగారికి చెప్పేశాను, క్రాఫ్టు నాకొద్దని, ఆ రోజు నేను చెప్పింది దేవుని వాక్యం కోసం కాదని. ఏసోబు గారితో కూడా నన్నే మాట్లాడమన్నారు. మాట్లాడాను. పెర్సిస్‌కి గుమ్మంలో నిలబడే చెప్పాను, ఆ సహోదరిని నేనేనని. ఈసారి ఆంటీ అనలేదు. లోపలికి వెళ్ళిపోయింది.

కుళ్ళు పోలేదు. కాస్త ఉంది.

డ్రాగన్ ఇంకా చర్చి వరండాలోనే ఉంది. రూబీ రాత పక్కన ఒక గుంట ఖాళీగా కనబడితే నేనూ నా భయం రాశాను. చదవాలంటే లోపలికి దూరాలి. రూబీని దూరమన్నాను.