అన్న చూడని సముద్రం

పులికాట్, 1947 జూన్, ఆదివారం రాత్రి

చూపు ఎక్కువకాలం నిలవదని మదనపల్లె డాక్టరు చెప్పినందున, మా ఊరు సోమల, ఆ మదనపల్లె తప్ప ఎరుగని మా అన్నకు సముద్రం చూపించుటకై చేపట్టిన యాత్ర విఫలమైనదని ఇందుమూలంగా నాకు నేనే తెలియజేసుకుంటున్నాను.

సరస్సు సముద్రంలో కలిసే చోట నీరు మోకాలి లోతే గాని, అలలు పడవను ఎత్తి కుదేస్తున్నాయి. చివరికి, ఇసుకదిబ్బ మలుపులో సముద్రం కనబడబోతుండగా, పడవ ఇసుకలో దిగబడింది. దిగబడిన ఎద్దులబండికి మా ఊళ్లో చేసేదే అన్న చేశాడు. పంచె ఎగ్గట్టి ముందుకు దూకాడు.

“కూర్చో సామీ, అలే లేపుతుంది!” అని పడవవాడు అరిచాడు.

“బండి దిగబడితే పైన కూసోనుండేది యాడన్నా ఉండాదా? దిగరా, నువ్వూ భుజమెయ్యి!” అన్నాడు అన్న నాతో.

ఉప్పునీళ్లు ముఖాన కొడుతుంటే కళ్లు గట్టిగా మూసుకుని, సముద్రానికి వీపు పెట్టి, పడవను వెనక్కి తోశాడు. పడవ కదిలి సరస్సులోకి వచ్చేసింది. మళ్లీ ఆ దారిన పోనని పడవవాడు తేల్చేశాడు. రేపు తెల్లవారకముందే మా తిరుగు ప్రయాణం.

ఇందాక పడుకోబోతూ అన్న అడిగాడు: “నువ్వు సూసినావు గదరా, ఎట్లుండాది?”

పట్టభద్రుడనైన నేను, “చాలా నీళ్లున్నాయన్నా” అని జవాబు సమర్పించాను.

“పోనీలేరా. పడవనైతే ఇద్దరం కదిలించినాం” అన్నాడు.

నేను దిగనేలేదన్న సంగతి అన్నకు ఇంకా తెలియదు.