పేపరు కుండీ మీద సరళ

ఆదివారం రాత్రి

వంగ విత్తనాలు వేద్దామని సాయంత్రం పాత పేపర్లను గ్లాసుకు చుట్టి చిన్న కుండీలు చేస్తున్నాను. మొక్కతో సహా నేలలో పెట్టేస్తే అవే మట్టిలో కలిసిపోతాయి. ఒక కుండీ మీద నా చిన్ననాటి స్నేహితురాలు సరళ ఫొటో, కింద పెద్దకర్మ ప్రకటన.

కొవ్వూరులో సరళ వాళ్లింటికి ఫోన్ చేస్తే వాళ్లమ్మాయి ఎత్తింది.

"అమ్మ పోయి రెండు నెలలైందండి. అంకుల్ వచ్చి వెళ్లారు కదా ఆంటీ, మీకు చెప్పలేదా?"

మా ఆయన పక్కనే కూర్చుని కుండీల్లో మట్టి నింపుతున్నారు.

"సరళ సంగతి మీకు తెలుసా?" అన్నాను.

"నీకప్పుడే ఆపరేషనైంది. ఏడిస్తే కుట్లు ఊడిపోతాయని చెప్పలేదు" అన్నారు, తల ఎత్తకుండా.

కుట్లు విప్పి చాలా రోజులైంది. మొన్న సరళని చూసొద్దామంటే, "ఎండలు తగ్గనీ, వెళ్దాం" అన్నారు. ఆ మాట అన్నప్పుడు ఆయన మొహం ఎలా ఉందో ఎంత ఆలోచించినా గుర్తు రావడం లేదు.