తలుపు తట్టే సీను

అక్కా,

మన దయ్యం సినిమా తిరుత్తణిలో మళ్లీ వేశారు! నువ్వు పోయాక ఇదే మొదటిసారి. పాండూరులో బస్సెక్కి మ్యాట్నీకి పరిగెత్తాను. ఇప్పటి సీరియళ్లలో దయ్యాలకు గ్రాఫిక్సు ఎక్కువ, భయం తక్కువ. మన దయ్యానికి తడి జుట్టు చాలు, హాలంతా బిగుసుకుపోయింది!

చచ్చిపోయిన అక్క వచ్చి చెల్లెలి తలుపు తట్టే సీను గుర్తుందా? తమిళ సినిమా అని కూడా మరిచిపోయి, "తియ్యొద్దే పాపా, వచ్చినాది మీ అక్క కాదే!" అని తెలుగులో అరిచేదానివి. అందరూ నవ్వేవాళ్లు.

ఈసారి నీ బదులు నేనే అరవాలని ముందు వరసలో కూర్చున్నాను. ఆ పిల్ల గడియ మీద చెయ్యి వేయగానే లేచి నిలబడి అరిచాను.

"తియ్యవే! బిరీన తియ్యి!"