ముల్లు మాట నమ్మకు

నాన్నా, ఇవాళ కారు తీయొద్దు. టెంపరేచర్ ముల్లు కిందే ఉంది కదా అని, ఇంజను చల్లగా ఉందనుకోకు. పొద్దున పాలకని వెళ్తే వంతెన దిగేసరికి బానెట్‌లోంచి ఆవిరి తన్నుకొచ్చింది. ముల్లు మాత్రం ఉలకలేదు, పలకలేదు. వేడి కొలిచే సెన్సర్ ప్లగ్గు పీకి చూస్తే, అప్పటిదాకా కదలని రేడియేటర్ ఫ్యాను గిర్రున తిరిగింది. అంటే ఫ్యాను బాగానే ఉంది, పాడైంది సెన్సరే. సాయంత్రం కొత్తది తెచ్చి నేనే బిగిస్తాను. ఈలోగా రేడియేటర్ మూత ముట్టుకోకు.

బానెట్ మీద చెయ్యేసి వేడి చెప్పేస్తానంటావు. చిన్నప్పుడు నా జ్వరాలన్నీ ఆ చేతికే తెలిసేవి, కాదనను. మొన్న వేడి తెలియక బొబ్బలెక్కిందీ ఆ చెయ్యే. నాకు భయంగా ఉంది నాన్నా.

కారు రెండో తాళంచెవి కోసం ఇల్లంతా వెతక్కు. అదీ నా బ్యాగులోనే ఉంది.